ఎదురు తిరిగే పెడలు

లిఫ్టమ్మకి పైకీ కిందకీ పోవడం తప్ప పక్కలకి పోవడం పడదు. ఇది ఎగతాళికి అంటున్న మాట కాదు, నాలుగో అంతస్తు చెవి డాక్టరు కాగితం మీద రాసిచ్చిన మాట. బస్సెక్కితే రెండో మలుపుకే కడుపులో దేవుతుంది. కారైతే తలుపు వేసిన చప్పుడు చాలు. రైలు సంగతి ఇంకా అన్యాయం, తానెక్కిన రైలు కదలక్కర్లేదు, పక్క పట్టాల మీద ఇంకోటి కదిలినా ఆవిడ కిటికీ వెతుక్కుంటుంది. అలాంటి మనిషికి తొమ్మిదంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపే ఉద్యోగం దొరికితే పెట్టి పుట్టిందనక ఏమంటారు? ఇరవై ఆరేళ్ళుగా ఇనప స్టూలు మీద కూర్చుని, తలుపు లాగి, "పైకా, కిందకా?" అని అడిగి, మీట నొక్కడమే ఆవిడ పని. అసలు పేరు జీతం కాగితంలో ఉంటుంది గానీ ఎవరికీ తెలియదు.

ఈ జబ్బు తల్లి వైపు నుంచి వచ్చింది. అక్కకీ ఉంది. ఆ అక్క ముప్పై ఎనిమిది కిలోమీటర్ల అవతల కాపురం ఉంటుంది. పెళ్ళయి వెళ్ళిన రోజు దారి పొడవునా వాంతులు చేసుకుంటూ వెళ్ళి, మళ్ళీ ఆ దారి మొహం చూడలేదు. పదకొండేళ్ళ కిందట అక్క కూతురి పెళ్ళికని లిఫ్టమ్మ పళ్ళ బిగువున బస్సెక్కింది. పెళ్ళి జరిగిన మూడు రోజులూ ఆసుపత్రి మంచం మీద సెలైను ఎక్కించుకుని, ఒక్క ఫోటోలో కూడా లేకుండా తిరిగొచ్చింది. అప్పటి నుంచి అక్కాచెల్లెళ్ళకి ఫోనే గతి. ఫోనులో మొహాలు చూసుకోవచ్చని ఎవరో నేర్పారు గానీ, తెర మీద అక్క మొహం ఊగుతుంటే చెల్లెలికీ, చెల్లెలి మొహం ఊగుతుంటే అక్కకీ కళ్ళు తిరిగాయి. ఇక మాటలతోనే సరిపెట్టుకున్నారు.

ఒకరోజు అక్క ఫోను చేసి, గోడ మీది క్యాలెండరులో చిన్న అంకెలు కనబడ్డం లేదంది. కళ్ళ డాక్టరుకి చూపించారట. ఆపరేషనుతో బాగయ్యే రకం కాదన్నాడట. రెండు మూడు నెలల్లో వెలుగూ నీడా మిగులుతాయి, మొహాలు మిగలవు అన్నాడట. ఇదంతా అక్క ఇంటి పన్ను పెరిగిన సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"నిన్నొకసారి చూస్తే బావుండునే," అంది.

అక్క పుట్టి బుద్ధెరిగి ఎవరినీ ఏమీ అడగలేదు. చిన్నప్పుడు ఒకే దుప్పటి కప్పుకుంటే తన వైపు కొస కూడా అడిగి లాక్కునేది కాదు. అలాంటి మనిషి నోరు తెరిచి అడిగేసరికి లిఫ్టమ్మకి గుండె చెరువైంది. ఆ పూట ఏడో అంతస్తుకి వెళ్ళాల్సిన వాళ్ళని మూడులో దింపేసింది.

సంగతి తెలిసి చెవి డాక్టరు లిఫ్టులోనే నిలబడి తల గోక్కున్నాడు. బస్సు డ్రైవరు వాంతి చేసుకోవడం మీరెప్పుడైనా చూశారా అని అడిగాడు. చూళ్ళేదంది. బండి నడిపేవాళ్ళకి తిరగదనీ, కూర్చున్నవాళ్ళకే తిరుగుతుందనీ, చెవి లోపలి యంత్రాంగం అలాంటిదనీ చెప్పి తన అంతస్తులో దిగిపోయాడు. లిఫ్టమ్మకి కారు నడపడం రాదు. వచ్చినా కారు లేదు. కానీ పన్నెండేళ్ళప్పుడు అక్క వెనకాల పరిగెత్తుతూ సీటు పట్టుకుంటే సైకిల్ నేర్చింది. అది మర్చిపోయే విద్య కాదు.

కొత్త సైకిల్ కొనే స్తోమత లేదు. తుక్కు కొట్టులో గుట్ట కింద నుంచి ఒకటి బయటికి లాగింది. కొట్టువాడు దాన్ని తూకం వేసి ఇచ్చాడు. ఇనుము ఎంతుందో చెప్పగలను గానీ సైకిల్ ఎంతుందో చెప్పలేనన్నాడు. రిమ్ములు మెలికలు తిరిగి ఉన్నాయి, చైను తుప్పుకి కర్రలా బిగుసుకుపోయింది, సీటు తోలు లేచిపోయి స్ప్రింగులు ఆకాశం చూస్తున్నాయి. దాన్ని నడిపించుకుంటూ వీధి చివర పాత మెకానిక్కు దగ్గరికి వెళ్ళింది. ఆయన సైకిళ్ళు మానేసి ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు. సైకిల్ని చూడగానే చనిపోయిన స్నేహితుణ్ణి చూసినట్టు కళ్ళు తుడుచుకున్నాడు గానీ, చేయి మాత్రం వెయ్యనన్నాడు. నోటితో చెప్తాను, చేసుకోమన్నాడు. చక్రాల నడిమి హబ్బులు విప్పి గోళీలు మార్చాలి, చక్రం పుల్లలు బిగించి రిమ్ము తిన్నగా తేవాలి, చైను నూనెలో నానబెట్టాలి. ఎడమ పెడలు ఇరుసు వంగిపోయింది, అది విప్పి కొత్తది వెయ్యకుండా దూరాభారం తొక్కితే మోకాలు పోతుంది. ఇవన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి, రెండు పానాలు చేతికిచ్చాడు.

"ఆ ఎడం పెడలు మాత్రం ఎదురు తిరుగుతుందమ్మా. జాగ్రత్త," అన్నాడు.

"తిరగనివ్వండి. నేనూ తక్కువదాన్నేం కాదు," అంది లిఫ్టమ్మ.

ఆయన ఏదో అనబోయాడు. ఇంతలో ఫోన్ కవరు మీద పూలు కావాలా పిల్లులు కావాలా అని తేల్చుకోలేని బేరం ఒకటి వచ్చి పడింది. లిఫ్టమ్మ సైకిల్ తీసుకుని వచ్చేసింది.

ఇంట్లో రిపేరుకి చోటు లేదు. ఉన్నది ఒకటే గది. భర్త దుకాణాల బోర్డులు రాసే పెయింటరు కావడంతో ఆ గది నిండా తడి బోర్డులు ఆరుతుంటాయి. మంచం మీద పడుకోవాలంటే 'ఇచ్చట జిరాక్సు తీయబడును' కింద నుంచి దూరాలి. రోజులో తొమ్మిది గంటలు తాను ఉండేది లిఫ్టులో, కాబట్టి సైకిల్ కూడా లిఫ్టులోనే ఉంటుందని తేల్చేసింది. మర్నాడు దాన్ని తలకిందులుగా స్టూలు పక్కన నిలబెట్టి పని మొదలెట్టింది.

భవనం మేనేజరుని అందరూ నోటీసుగారు అంటారు. ఆయన నోటితో మాట్లాడ్డం తక్కువ, ఏదున్నా గోడకి అంటిస్తాడు. పది గంటలకల్లా లిఫ్టు పక్కన నోటీసు పడింది, 'లిఫ్టులో వాహనములు నిషేధము.' ఆ నిబంధన ఎక్కడుందో చూపించమంది లిఫ్టమ్మ. లోపలి రేకు మీద ఉన్నది ఒకే ముక్క, ఎనిమిది మందికి మించి ఎక్కరాదని. నోటీసుగారు రెండు రోజులు ఫైళ్ళన్నీ తిరగేసి రెండో నోటీసు అంటించాడు, 'సైకిలును ఒక మనిషిగా లెక్కించవలెను. సైకిలు ఉన్నంతసేపు ఏడుగురికే ప్రవేశము.' దాంతో ఎనిమిదో మనిషి దిగిపోవాల్సి వచ్చినప్పుడల్లా, ముందు ఎక్కింది సైకిలా నేనా అని తగువు. చివరికి సైకిలు కూడా సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టాలని మూడో నోటీసు అంటించాడు. లిఫ్టమ్మ పుస్తకం తీసుకుని, 'ఎవరిని కలవాలి' అన్న గడిలో 'అక్కని' అని రాసి, కింద చైను మసి వేలిముద్ర వేసింది. నోటీసుగారు పుస్తకం మూసేశాడు.

ఇక ఆ భవనం జనం చెప్పుకోదగ్గ జనం. పనున్నా లేకపోయినా లిఫ్టెక్కడం మొదలెట్టారు. మూడో అంతస్తు పళ్ళ డాక్టరు చైనుని చూసి, ఇంత పాచి తన సర్వీసులో చూళ్ళేదన్నాడు. దాన్ని తన కుర్చీలో పడుకోబెట్టి, దీపం కిందకి లాగి, ఒక్కొక్క లంకె సందునా కొక్కెంతో గీకాడు. బయట పన్ను సలుపుతున్న ముసలాయన దవడ పట్టుకుని గంటన్నర కూర్చున్నాడు. రెండో అంతస్తు దర్జీ క్యారియరుకి రెండు వైపులా వేలాడే సంచీలు కుడతానని ముందుకొచ్చాడు. టేపు పెట్టి సైకిల్ నడుం కొలిచి, వదులుగా ఉంచనా, ఒంటికి పట్టేట్టు కుట్టనా అని అడిగాడు. ఐదో అంతస్తులో వయొలిన్ నేర్పే మాస్టారుంటాడు. ఆయన పుల్లల్ని గోటితో మీటుతూ, తగ్గినదాన్ని బిగిస్తూ, హెచ్చినదాన్ని వదులు చేస్తూ రెండు చక్రాలూ శ్రుతి చేశాడు. అదేం చిత్రమో, పుల్లలన్నీ ఒకే స్వరం పలికేసరికి రిమ్ములు కూడా తిన్నగా తిరిగాయి.

రంగు భర్త వేశాడు. భార్య మీద ప్రేమ కొద్దీ మూడు పూతలు పూశాడు. వెనక మడ్గార్డు మీద కాస్త ఖాళీ కనబడేసరికి చెయ్యి ఊరుకోక, అలవాటు కొద్దీ గుండ్రటి అక్షరాలతో 'మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు' అని రాసేశాడు. ఇదేమిటండీ అంటే, అబద్ధమేం రాశాను అన్నాడు.

అన్నీ అయ్యాయి. ఎడమ పెడలు ఒక్కటే మిగిలింది.

మొదటి రోజే లిఫ్టమ్మ పానా తగిలించి, సీసా మూత విప్పినట్టు తిప్పింది. కదల్లేదు. మెకానిక్కు చెప్పనే చెప్పాడు కదా ఎదురు తిరుగుతుందని, మొండిఘటం అనుకుంది. ఇంకాస్త గట్టిగా తిప్పింది. తర్వాత ఎక్కిన ప్రతివాణ్ణీ ఒక పట్టు పట్టమంది. ఏడో అంతస్తు ఇన్సూరెన్సు ఆఫీసువాళ్ళు వరసగా పద్నాలుగు మంది పట్టారు. జిమ్ముకెళ్ళే కుర్రగుమాస్తా చొక్కా చేతులు మడిచి మరీ పట్టాడు, చొక్కా చిరిగింది. కొరియర్లు తెచ్చేవాళ్ళకి సంతకం కావాలంటే ముందు పెడలు తిప్పమంది. ఎవరు తిప్పినా అదే వైపు, సీసా మూత వైపే. పళ్ళ డాక్టరు రోజూ రెండు చుక్కలు నూనె పోస్తూ, ఇది పీకడమే తప్ప బాగయ్యేది కాదని పెదవి విరిచేవాడు. మూడు వారాల పాటు తొమ్మిదంతస్తుల బలమంతా ఆ ఒక్క పెడలు మీద పడింది. పెడలు మూడు చెరువుల నీళ్ళు తాగించింది గానీ వెంట్రుకవాసి సడల్లేదు. సడలకపోగా మొదట్లో కన్నా బిగుసుకుందేమోనని చెవి డాక్టరుకి అనుమానం వచ్చింది, కానీ అది తన శాఖ కాదని ఊరుకున్నాడు.

ఒకసారి పాత మెకానిక్కు దగ్గరికి మళ్ళీ పరిగెత్తింది. కొట్టుకి తాళం. కూతురు పురుటికి వెళ్ళాడట, ఎప్పుడొస్తాడో తెలియదట.

అక్క మాత్రం ఫోనులో ఎప్పుడొస్తున్నావని అడగడం లేదు. అడగదు. క్యాలెండరు సంగతి చెప్తుంది. పెద్ద అంకెలు కూడా పోయాయంది ఒక వారం. ఇంకో వారం, క్యాలెండరు మీద బొమ్మలో ఉన్న అమ్మాయి మొహం పోయిందే, ఒంటి మీది ఎర్ర రంగు మాత్రం తెలుస్తోందంది. లిఫ్టమ్మ ఫోను పెట్టేసి పానా తీసుకుని ఆ పెడలు మీద పడింది. అరచేతులు బొబ్బలెక్కాయి. నాలుగో అంతస్తుకీ ఐదుకీ మధ్య లిఫ్టు ఆపేసి, ఎవరూ చూడకుండా కూర్చుని ఏడ్చింది. ఒక్క ఇనప ముక్క తనకీ అక్కకీ మధ్య ఇలా అడ్డం పడుతుందని ఆవిడ కల్లో కూడా అనుకోలేదు.

ఆ శుక్రవారం నోటీసుగారి ఓపిక పూర్తిగా నశించింది. లిఫ్టు ఆలస్యమవుతోందని భవనం యజమాని ఆయన్ని చెడామడా తిట్టాడు. ఉన్నపళంగా వచ్చి, జీవితంలో మొదటిసారి నోటీసు లేకుండా నోటితో మాట్లాడాడు.

"ఏమ్మా, ఇది ఊడితేనే కదా నువ్వు సైకిలేసుకుని సెలవని పోయేది? ఊడదు. ఊడకుండా నేను చూస్తాను," అన్నాడు.

పానా లాక్కున్నాడు. ఎవరూ ఏ కాలానా విప్పలేనంతగా బిగించేస్తానని, అందరూ తిప్పిన దానికి రెండో వైపు తగిలించాడు. ఆయన ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, పైగా ఒళ్ళు తెలియని కోపంలో ఉన్నాడు. పానా మీద కాలు పెట్టి, లిఫ్టు గోడ పట్టుకుని, బరువంతా వేసి తొక్కాడు. పెడలు కిర్రుమంది. ఇంకోసారి తొక్కాడు. మరో నాలుగు తిప్పులకి పెడలు ఊడి ఆయన బూటు మీద పడింది.

లిఫ్టులో ఉన్న ఆరుగురూ నోరెళ్ళబెట్టారు. నోటీసుగారు పెడలు వైపూ, తన చేతుల వైపూ మార్చి మార్చి చూసుకున్నాడు. బిగించబోతే ఎలా ఊడిందో ఆయనకి అంతుచిక్కలేదు. లిఫ్టమ్మకి చిక్కింది. ఎదురు తిరుగుతుందంటే మొరాయిస్తుందని కాదు, ఎడం పెడలు మరచుట్లు మామూలుకి ఎదురు వైపుకి ఉంటాయని. మెకానిక్కు ఉన్న మాటే చెప్పాడు. మూడు వారాలుగా భవనం భవనమంతా కలిసి దాన్ని ఊడదీయడం లేదు, బిగిస్తున్నారు. ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత మూడు వారాల్లో అక్క క్యాలెండరులోంచి ఏమేం పోయాయో గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. నోటీసుగారికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆయన దాన్ని వెటకారమనుకున్నాడు.

కొత్త పెడలు పది నిమిషాల్లో ఎక్కింది. సాయంత్రానికి గోడ మీద నోటీసు కూడా పడింది, 'ఎడమ పెడలు విప్పదలచినవారు బిగించవలెను. బిగించదలచినవారు విప్పవలెను.' అది ఇప్పటికీ ఉంది. సైకిళ్ళు లేనివాళ్ళు కూడా చదివి, అర్థమైనట్టు తల ఊపి లిఫ్టెక్కుతారు.

శనివారం పొద్దున్నే బయల్దేరుదామంటే భర్త సంచీలు సర్దిపెట్టాడు. చూస్తే దిండు, దుప్పటి, రెండు గొడుగులు, నిచ్చెన కట్టే తాడు, దారిలో బోర్డేదైనా చెరిగిపోయి కనబడితే దిద్దమని ఓ చిన్న డబ్బా రంగు. రెండు గొడుగులెందుకంటే, ఒకటి గాలికి పోతేనో అన్నాడు. సైకిలు తేలిగ్గా ఉంటేనే వెళ్ళేదీ వచ్చేదీ, ఇల్లంతా క్యారియరుకి కట్టుకుపోతే మధ్యలో కాపురం పెట్టాల్సొస్తుందని లిఫ్టమ్మ అన్నీ తీసేసింది. ఒక ట్యూబు, గాలిపంపు, పానా, నీళ్ళ సీసా, తువ్వాలు ఉంచింది. ఆయన వీధి మలుపు దాకా పక్కనే పరిగెత్తాడు. ఆగిపోయాక కూడా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

ఊరు దాటాక మొదటి మలుపు వచ్చింది. తర్వాత రెండోది. రెండో మలుపు దగ్గర లిఫ్టమ్మ అలవాటు కొద్దీ కడుపు పట్టుకుని, రావలసినది వస్తుందని ఎదురు చూసింది. రాలేదు. మూడో మలుపు, నాలుగో మలుపు కూడా అయిపోయాయి. చెట్లు పక్కనుంచి వెనక్కి పోతున్నాయి, పొలాలు పోతున్నాయి, ఎదురుగా వచ్చే లారీలు పోతున్నాయి, కళ్ళు తిరగడం లేదు. యాభై రెండేళ్ళ వయసులో పక్కలకి కదలడమంటే ఇదా అనుకుంది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తొక్కింది.

ఇరవై ఆరేళ్ళ అలవాటు ఊరికే పోదు కాబట్టి కిలోమీటరు రాయి కనబడ్డ చోటల్లా ఆగేది. దిగేవాళ్ళుంటే దిగుతారన్నట్టు ఓ క్షణం నిలబడి మళ్ళీ బయల్దేరేది. ఎత్తు వస్తే దిగి నడిపించింది, పల్లం వస్తే బ్రేకులు పట్టుకుని దిగింది. ఇరవయ్యో రాయి దగ్గర ముందు చక్రం పంక్చరైంది. ట్యూబు మార్చి, గాలి కొట్టి, మసి చేతులతో మొహం తుడుచుకుంది. ముప్పయ్యో రాయి దాటాక కాళ్ళు తనవి కావనిపించింది. మిగిలిన ఎనిమిదీ అక్క మీద కోపంతో తొక్కింది. ఇంత దూరం పెళ్ళి చేసుకుంటుందా ఎవరైనా అని దారంతా గొణుక్కుంది.

అక్క ఉన్న వీధి తిన్నగా ఉంది. చివర నీలం తలుపు. లిఫ్టమ్మ గంట కొట్టుకుంటూ వెళ్ళి గుమ్మం ముందు దిగింది. సైకిల్ గోడకి ఆనించేలోగా లోపల ఏదో కింద పడిన చప్పుడైంది. అక్క గోడ తడుముకుంటూ బయటికొచ్చింది. అనుకున్న దానికన్నా చిన్నగా ఉంది, జుట్టు మొత్తం తెల్లబడింది. వచ్చి రెండు చేతులతో చెల్లెలి మొహం పట్టుకుని, ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరగా పెట్టుకుని, నుదురూ చెంపలూ గడ్డం ఒక్కొక్కటే చూసింది. చెంప మీది మసి కొంగుతో తుడిచి, ఆ చోటు మళ్ళీ చూసింది.

లిఫ్టమ్మ ఇక గుమ్మంలో కూలబడబోయింది. అక్క రెక్క పట్టుకుని ఆపింది.

"నువ్వొచ్చేటప్పుడు కళ్ళజోడు వెతుక్కుంటూ లోపల ఉండిపోయానే. చూళ్ళేదు. ఓసారి ఆ మలుపు దాకా వెళ్ళి మళ్ళీ రా," అంది.

"వచ్చేశాగా అక్కా. నడుం పడిపోయింది. ఎదురుగానే ఉన్నాను, చూడు."

"చూశాను. నువ్వు ఎలా ఉంటావో నాకు తెలుసు, కళ్ళు పోయినా తెలుస్తుంది. పదకొండేళ్ళ బట్టి ఈ గుమ్మంలో కూర్చున్నది నువ్వు వస్తుంటే చూద్దామని."

లిఫ్టమ్మ సైకిల్ తిప్పి, మలుపు దాకా తొక్కుకుంటూ వెళ్ళి, వెనక్కి తిరిగింది. వీధి చివర అక్క కళ్ళజోడు పెట్టుకుని, కనుబొమల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. లిఫ్టమ్మ గంట కొట్టుకుంటూ వచ్చి ఆగింది. అక్క చెంపలు తడిసి ఉన్నాయి.

"మళ్ళీ," అంది అక్క.

ఇరుగుపొరుగు తలుపులు తీసుకుని బయటికొచ్చారు. ఈ మసి మొహం ఆవిడ ఎవరో, ఎందుకిలా అదే పనిగా వస్తోందో వాళ్ళకి అర్థం కాలేదు. ఆ సాయంత్రం లిఫ్టమ్మ అక్క ఇంటికి ఏడుసార్లు వచ్చింది. ఏడుసార్లూ అక్క అప్పుడే మొదటిసారి చూసినట్టు వీధిలోకి దిగి, "వచ్చావా," అని అడిగింది.